సీజన్ టికెట్టు మానేసినవాడు ద్రోహి అవుతాడా?



మా బిట్రగుంటలో సీజన్ టికెట్టు అంటే ఎవరికైనా గుర్తుకు వచ్చేది రైలే. నెల్లూరులో ఉద్యోగం, కావలిలో చదువు అంటూ నెలకొకసారి డబ్బు కట్టి, రోజూ పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద నిలబడేవాళ్ళు మా విచారణలోనూ ఉన్నారు. ఫుట్‌బాల్ ఆటకు కూడా సీజన్ టికెట్టు ఉంటుందనీ, అది కొనాలా మానాలా అన్నది ఒక మనిషి మనస్సాక్షిని కలవరపెట్టగలదనీ నాకు మొన్నటి దాకా తెలియదు. నాకు ఆ సంగతి నేర్పినవాడు మా విచారణ కుర్రవాడే. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. క్రిస్మస్ పండుగకు ఇంటికి వచ్చి, పూజ ముగిశాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరకు వచ్చాడు.

"ఫాదర్, మా హైదరాబాదు టీము ఢిల్లీకి వెళ్ళిపోయింది. అంతకుముందే నేను టికెట్లు కొనడం మానేశాను. నాలాంటి వాళ్ళు మానేశారు గనకే అది పోయిందేమో అనిపిస్తోంది. నేను చేసింది తప్పంటారా?"

నేను నవ్వాను. "ఆటకు ఇంత బాధ ఎందుకు నాయనా?" అన్నాను. వాడు నవ్వలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఒకడు తాను ప్రేమించిన దాన్ని విడిచిపెట్టి, అలా విడిచిపెట్టడం న్యాయమేనా అని అడుగుతున్నాడు. అది ఆట గురించిన ప్రశ్న కాదు. మన ఇళ్ళలోనూ, సంఘాలలోనూ, విచారణలలోనూ అదే ప్రశ్న వేరే వేషంలో వస్తూనే ఉంటుంది. అందుకే ఈ వారం దానిని మీ ముందు పెడుతున్నాను.

ముందు సంగతి ఏమిటో తెలుసుకుందాం. హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పుడు బడిపంతులు. ఆయన చేతి కిందనే మన దేశం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చుకుంది. మరుసటి ఏడే ఆయన మరణించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ వైభవం తాతల కబుర్లలోనే మిగిలింది.

2019లో పూణే క్లబ్బు మూతపడగా, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. మొదటి ఏడు అందరికన్నా అడుగున నిలిచింది. మూడో ఏడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో 1–1గా ముగిసిన ఫైనల్‌ను పెనాల్టీలలో 3–1తో గెలిచి విజేత అయింది. ఆ సీజను కరోనా వల్ల అంతా గోవాలోనే జరిగింది. సొంత ఊరి జనానికి తమ విజేతలను గచ్చిబౌలి మైదానంలో చూసుకునే భాగ్యం ఆ తర్వాతి సీజనుకే దక్కింది.

పతనం అంతకన్నా త్వరగా వచ్చింది. 2023–24 సీజనులో జీతాలు అందడం లేదని ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్తవారిని చేర్చుకోకుండా క్లబ్బుపై నిషేధం పడింది. మిగిలిన కుర్రవాళ్ళతో, కొద్దిమందితో జట్టు నెట్టుకొచ్చింది. 22 ఆటలలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. గ్యాలరీలు ఖాళీ అయ్యాయి. 2024లో క్లబ్బు చేతులు మారింది. 2025 అక్టోబరులో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. రైలు సీజన్ టికెట్టు కొన్నవాడు ఏం కొంటున్నాడో వాడికి తెలుసు. ఎక్కే స్టేషను, దిగే స్టేషను దానిమీదే రాసి ఉంటాయి. ఆట సీజన్ టికెట్టు అలా కాదు. జట్టు గెలుస్తుందో ఓడుతుందో తెలియక ముందే, ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టేస్తారు. కాబట్టి అది సరుకు కొనడం కన్నా మాట ఇవ్వడానికి దగ్గరగా ఉంటుంది. "మీరు ఎలా ఆడినా నేను వస్తాను" అని అభిమాని అంటాడు. "మేము నిజాయితీగా ఆడతాం, నిన్ను లెక్కలోకి తీసుకుంటాం" అని క్లబ్బు అంటుంది. ఈ రెండో మాట కాగితం మీద ఎక్కడా ఉండదు. అది పోయినప్పుడే అది ఉండేదని తెలుస్తుంది.

అందుకే టికెట్ల అమ్మకం తగ్గితే "జట్టు ఓడుతోంది కాబట్టి జనం రావడం లేదు" అని తేల్చేయడం తొందరపాటు. అభిమానులు ఓటమిని ఓర్చుకోగలరు. ఇప్పటి మన పోపు, 14వ లియో జగద్గురువులు, చికాగోలోని వైట్ సాక్స్ అనే బేస్‌బాల్ జట్టుకు అభిమాని. ఆ జట్టు 2024లో 162 ఆటలలో 121 ఓడిపోయింది. అయినా మరుసటి ఏడు ఆయన పోపు అయిన తర్వాత ఆ జట్టు టోపీ పెట్టుకుని జనానికి కనిపించారు. మనిషి ఓర్చుకోలేనిది చిన్నచూపు. తన ప్రేమను ఒకరు కేవలం ఆదాయంగా లెక్కవేశారని తెలిసిన నాడు వాడి మనసు విరుగుతుంది.

అయితే యజమాని పక్షాన కూడా మాట్లాడాలి. జట్టు నడపడానికి కోట్లు కావాలి. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి లాభపడినవారు అరుదు. డబ్బు పెట్టినవాడు నష్టం భరిస్తుంటే, టికెట్టు కొన్నవాడు "ఇది నాది" అనడం ఏమిటని ఆయన అడగవచ్చు. చట్టం ఆయన పక్షానే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

జవాబు కోసం మన శ్రీసభ చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో 1887లో సెల్టిక్ అనే క్లబ్బును స్థాపించినది మారిస్ట్ సభకు చెందిన బ్రదర్ వాల్‌ఫ్రిడ్. ఐర్లాండు నుండి వలస వచ్చిన పేద కథోలిక కుటుంబాల పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడానికి డబ్బు కావాలి, అందుకు ఆట పెట్టారు. పదేళ్ళు తిరక్కుండానే, 1897లో, అది వాటాల కంపెనీగా మారింది. 1990ల మొదట్లో అప్పుల్లో కూరుకుపోయింది. అప్పుడు అభిమానులు సంఘంగా ఏర్పడి, యాజమాన్యం మారాలని కోరుతూ ఆటలకు రావడం మానేశారు. 1994 మార్చిలో యాజమాన్యం మారింది. ఆ తర్వాత వాటాలు అమ్మినప్పుడు కొన్నది ఎవరనుకున్నారు? మానేసిన ఆ అభిమానులే, వేల సంఖ్యలో వచ్చి కొన్నారు.

రెండోది అర్జెంటీనాలోని సాన్ లొరెంజో. 1908లో బూయెనోస్ ఐరెస్ వీధిలో పిల్లలు ఆడుకుంటూ ట్రాము కింద పడబోవడం చూసి, లొరెంజో మస్సా అనే సలేసియన్ గురువు వారికి గుడి ఆవరణలో చోటిచ్చారు. ఆదివారం పూజకు రావాలన్నది ఆయన పెట్టిన షరతు. ఆ పిల్లల జట్టే పెద్ద క్లబ్బయింది. మన పోపు ఫ్రాన్సిస్ గారు చివరిదాకా దానికి సభ్యులు. ఆ క్లబ్బు 1979లో సైనిక పాలన కాలంలో తన పాత మైదానాన్ని పోగొట్టుకుంది. అక్కడ సూపర్ మార్కెట్టు లేచింది. అభిమానులు దశాబ్దాల పాటు ఊరేగింపులు చేసి, చందాలు వేసుకుని, 2012లో చట్టం సాధించి, 2019లో ఆ నేలను తిరిగి సంపాదించుకున్నారు.

ఈ రెండింటి నుండి నేను గ్రహించేది ఇది. కాగితం మీద ఆస్తి ఒకరిదే కావచ్చు. కానీ ఆ ఆస్తికి విలువ తెచ్చింది అనేకుల ప్రేమ. జనం లేని మైదానం ఉత్త గడ్డి నేల. పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1987 నాటి తమ విశ్వలేఖలో, ప్రతి సొంత ఆస్తి మీదా సమాజానికి చెల్లించవలసిన ఒక రుణం ఉంటుందని బోధించారు. పొలానికీ కర్మాగారానికీ వర్తించే ఆ బోధన, ఒక ఊరి పేరు పెట్టుకుని ఆ ఊరివాళ్ళ పాటలతో బతికే జట్టుకు మరింతగా వర్తిస్తుంది. యజమాని దానికి ధర్మకర్త వంటివాడు. నష్టం భరించలేకపోతే వదులుకోవచ్చు, తప్పు లేదు. అయితే వదులుకునే ముందు జనాన్ని పిలిచి చెప్పవలసిన బాధ్యత, పనివారి జీతాలు చెల్లించవలసిన బాధ్యత ఆయన మీద ఉన్నాయి. పనివాని కూలి ఆపడం దేవుని చెవిని చేరే పాపమని పునీత యాకోబు తమ లేఖ ఐదవ అధ్యాయంలో హెచ్చరించారు. ఆటగాడు కూడా పనివాడే.

మా బిట్రగుంట వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డుతో, రైల్వే కాలనీతో కళకళలాడిన ఊరు ఇది. ఆ ఇంజన్లు పోవడం ఎవరి తప్పూ కాదు, కాలం మారింది. కానీ ఎక్కడో దూరాన ఒక కార్యాలయంలో ఒక కాగితం మీద సంతకం పడితే, ఇక్కడ ఒక వీధి మొత్తం చీకటి పడుతుందని మా పెద్దలకు తెలుసు. వారి బాధ పోయినదాని గురించి కొంత, తమను ఎవరూ ఒక్కమాట అడగలేదన్నది మరికొంత.

ఇక అభిమాని సంగతి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పుస్తకం రాశారు. ఒక సంస్థ చెడిపోతుంటే అందులోని మనిషికి రెండు దారులు ఉంటాయని ఆయన అంటారు. ఒకటి విడిచి వెళ్ళడం, రెండు నోరు విప్పడం. ఏ దారి పట్టాలో తేల్చేటప్పుడు మనిషిలోని విధేయత అడ్డుపడి, వెళ్ళేవాడి కాలు కొంచెం ఆపి, ముందు మాట్లాడమంటుంది. ఈ ఆలోచన ఆయనకు ఎక్కడ మొలకెత్తిందో తెలుసా? నైజీరియా రైల్వేలను చూసినప్పుడు. రైళ్ళు సరిగా నడవకపోతే అక్కడి వ్యాపారులు ఫిర్యాదు చేయకుండా సరుకు లారీలకు ఎక్కించేశారు. గట్టిగా అడగగలిగినవాళ్ళే ముందు వెళ్ళిపోయారు. అడిగేవాడు లేక రైల్వే మరింత చెడింది. రైలు ఊరివాళ్ళం కాబట్టి మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

అంటే మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు తన మంచిని కూడా మూట కట్టుకుని పోతున్నాడు. పునీత తోమా అక్వినాసు గారు సోదరుణ్ణి సరిదిద్దడం ప్రేమలో భాగమని బోధించారు. పై అధికారిని సైతం, తగిన మర్యాదతో, కింది వారు సరిదిద్దవచ్చునని కూడా ఆయన చెప్పారు. కనుక అసంతృప్తిని చెప్పడం అవిధేయత కాదు. ప్రేమ పూర్తిగా చచ్చిన చోట గొణుగుడు కూడా వినిపించదు.

ఇంగ్లండులో 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు కొన్ని టికెట్ల ధర 77 పౌండ్లకు పెంచబోయింది. ఒక ఆటలో, సరిగ్గా 77వ నిమిషంలో, సుమారు 10,000 మంది లేచి బయటకు నడిచారు. అప్పటికి తమ జట్టు 2–0తో ముందుంది. వారు వెళ్ళాక ఆట 2–2గా ముగిసింది. కొద్ది రోజులలో యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. అదే దేశంలో 2002లో వింబుల్డన్ క్లబ్బును ఊరు మార్చడానికి అనుమతి వచ్చినప్పుడు, అభిమానులు శాపనార్థాలతో ఆగిపోలేదు. సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకుని, అడుగు మెట్టు నుండి మొదలుపెట్టి, 2011 నాటికి ఫుట్‌బాల్ లీగ్‌లో చేరారు. ఈ ఇద్దరూ విడిచి వచ్చారు, కానీ మౌనంగా రాలేదు.

కాబట్టి దేనినైనా మానేయాలని అనిపించినప్పుడు మనల్ని మనం మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఒకటి, నా కోపం ఓటమి మీదా, అన్యాయం మీదా? ఓటమి మీద అయితే అది ప్రేమ కాదు, గెలుపుతో చేసిన బేరం. రెండు, చెప్పి మానేస్తున్నానా, చెప్పకుండా జారుకుంటున్నానా? మూడు, నేను మానేస్తే దెబ్బ ఎవరికి తగులుతుంది? తప్పు చేసినవాడికా, వాడి కింద జీతం రాక పనిచేస్తున్న బీదవాడికా?

నేను ఈ మూడూ అడిగినప్పుడు ఆ కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మొదటిదానికి జవాబు చెప్పగలను ఫాదర్. ఓడినందుకు కాదు. కానీ నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొన్నాళ్ళకు స్కోరు చూడటం కూడా మానేశాను. ఆ పిల్లలు ఖాళీ గ్యాలరీల ముందు ఆడారు. వాళ్ళు ఏం తప్పు చేశారు?"

వాడిని బాధపెడుతున్నది టికెట్టు కాదని అప్పుడు నాకు అర్థమైంది.

ఇంతవరకు రాసి ఇక్కడ ముగిస్తే నేను ఇతరుల తప్పులు లెక్కించి చేతులు దులుపుకున్నట్టే అవుతుంది. నా సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం మరో విచారణలో ఉన్నప్పుడు గుడికి ప్రహరీ గోడ కట్టించాను. ఇంటింటికీ నెల చందా పెట్టాను. గోడ లేచింది. కానీ లెక్క ఏనాడూ చదవలేదు. నాకు దాచవలసింది ఏమీ లేదు, అందుకే చెప్పవలసింది కూడా ఏమీ లేదనుకున్నాను. కొన్ని కుటుంబాలు చందా మానేశాయి. నేను పీఠం దగ్గర నిలబడి, దేవునికి ఇవ్వడానికి చేతులు రాని వారి గురించి ఘాటుగా ప్రసంగం చేశాను. ఆ సాయంత్రం ఒక పెద్దామె వచ్చింది. "స్వామీ, మీరు తిన్నారని ఎవురూ అనడంలా. ఎంతయిందో ఒక్కమాట చెప్పుంటే బాగుండేది. అడిగితే కోప్పడతారని ఎవురూ అడగలా" అంది.

విశ్వాసులు సమర్పించిన సొమ్ముకు వారికి లెక్క చెప్పాలని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1287వ సూత్రంలో స్పష్టంగా ఉంది. తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలియజేసే హక్కు, ఒక్కొక్కప్పుడు బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందని 212వ సూత్రం చెబుతుంది. ఈ రెండూ నేను గురువిద్యాలయంలో చదివినవే. పరీక్షలో రాసినవే. తరువాతి ఆదివారం కాగితం తీసుకుని లెక్క మొత్తం చదివాను, క్షమించమని అడిగాను. చాలామంది తిరిగి వచ్చారు. రెండు కుటుంబాలు రాలేదు. వారు పోయినప్పుడు ఎందుకని నేను వారి గడప తొక్కి అడగలేదు. ఆ రెండు ఇళ్ళ పేర్లు ఇప్పటికీ నా ప్రార్థనలో ఉన్నాయి.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. విచారణ క్లబ్బు కాదు. దివ్యబలిపూజకు టికెట్టు లేదు. గురువు మీద కోపంతో చందా ఆపినవాడితో మాట్లాడి ఒక దారికి రావచ్చు. గురువు మీద కోపంతో దివ్యసత్ప్రసాదానికి దూరమైనవాడు మాత్రం తన అన్నాన్ని తానే నేల మీద పారబోసుకుంటున్నాడు. యజమాని చెడ్డవాడైతే జట్టు ఊరు మారవచ్చు. క్రీస్తు ఊరు మారడు. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను సువిశేషం పదవ అధ్యాయంలో మనం ధ్యానిస్తాం. నాలాంటి కాపరులకు ఆ అధ్యాయం ప్రతి ఏడూ ఒక పరీక్ష.

ఆ కుర్రవాడికి నేను చెప్పింది ఇదే: "నాయనా, టికెట్టు కొనడం మానేయడం పాపం కాదు. జీతాలు ఇవ్వని చోట డబ్బు పోయకపోవడం న్యాయమే కావచ్చు. కానీ మాట్లాడకుండా పోయావు, అది నిన్ను గుచ్చుతోంది. క్లబ్బు నీ వల్ల పోలేదు. ఆ భారం నీది కాదు. ఆ జట్టులో ఆడిన కుర్రవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడో ఆడుతుంటారు. ఎవరైనా ఒకడికి ఉత్తరం రాయి. నువ్వు ఆడింది చూశాను, మధ్యలో రావడం మానేశాను, క్షమించు అని రాయి." రాస్తానన్నాడు.

పాఠకులారా, మీరు ఏదైనా విడిచిపెట్టి ఉంటే, అది సంఘమైనా, యువజన సమితి అయినా, అన్నదమ్ముల ఇల్లయినా, ఈ వారంలో ఒకసారి వెళ్ళి ఎందుకు విడిచిపెట్టారో మర్యాదగా చెప్పి రండి. మీ విచారణలో ఏదైనా నచ్చకపోతే మీ గురువు దగ్గరకు వెళ్ళండి. ఆయన కోప్పడతారేమోనని భయపడకండి. ఒకవేళ కోప్పడినా, నాలాగే, ఆ సాయంత్రానికి ఆలోచించుకుంటారు. ఇక మీ చేతి కింద ఏదైనా ఉంటే, బడి గానీ, సంఘం గానీ, నలుగురు పనివాళ్ళు గానీ, ఈ మధ్య రావడం మానేసినవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, వారి ఇళ్ళకు వెళ్ళండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక.